పెంకు సందులోంచి పడ్డ సూర్యుడు

మా పెద్దమ్మాయి ఇక్కడే హ్యూస్టన్‌లో పీహెచ్‌డీ చేస్తోంది, కంప్యుటేషనల్ ఇమేజింగ్‌లో, అంటే కెమెరాలో పడ్డ వెలుతురుని కంప్యూటర్ లెక్కలతో బొమ్మగా మార్చే చదువు. ఫోన్ చేసినప్పుడల్లా మా అమ్మ "ఏం చదువుతున్నవ్ బిడ్డా" అంటే ఇది "కెమెరాలు అమ్మమ్మా" అంటుంది, అంతే, ఇంక ఇద్దరికీ మాట దొరకదు. ఆదివారం తెలుగు క్లాసులకి ఏళ్ళ తరబడి తిప్పాను, చదవడం రాయడం వచ్చింది, కానీ రోజంతా చేసే పని సొంత అమ్మమ్మకి చెప్పుకునే తెలుగు నేను ఇవ్వలేకపోయానే అని చాలా బాధగా ఉండేది.

2023 అక్టోబర్ 14న ఇక్కడ పాక్షిక సూర్యగ్రహణం. మా డ్రైవ్‌వే మీద ఓక్ చెట్టు నీడలో ఎక్కడ చూసినా చిన్న చిన్న నెలవంకలు, ఆకుల సందుల్లోంచి పడ్డ సూర్యుడి బొమ్మలే అవన్నీ. నాకు 1980 ఫిబ్రవరి 16 గుర్తొచ్చింది. నల్లగొండలో సంపూర్ణ గ్రహణం, తలుపులన్నీ మూసి, ఊరగాయ జాడీల మీద గరిక వేసి మమ్మల్ని లోపల కూర్చోబెట్టారు, గూనపెంకుల సందుల్లోంచి రోజూ నేల మీద గుండ్రంగా పడే వెలుగు ఆ మధ్యాహ్నం కొడవలిలా సన్నబడుతూ పోయింది. ఇదంతా చెప్తుంటే మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని "అమ్మా, నా కెమెరా ఇదే!" అంది.

ఆ రాత్రే, అక్కడ తెల్లారిందని చూసి, అమ్మకి వీడియో కాల్ చేశాం, అమ్మాయి తన కెమెరా సంగతి చెప్పుకొచ్చింది. ఒక్క చిల్లైతే బొమ్మ తేటగానే పడుతుంది గానీ వెలుతురు చాలదట, చిల్లు పెద్దది చేస్తే మసకేసిపోతుందట, అందుకని లెన్స్ తీసేసి, కెమెరాలో వెలుతురు పట్టుకునే సెన్సర్‌కి బాగా దగ్గరగా బోలెడు చిల్లులున్న పల్చటి మాస్క్ పెడతారట. రైస్ యూనివర్సిటీ వాళ్ళు 2015లో చూపించిన ఫ్లాట్‌క్యామ్ కూడా ఇలాంటిదే, లెన్స్ లేకపోవడంతో కెమెరా బిళ్ళలా పల్చగా వస్తుంది.

అమ్మ కాసేపు ఆలోచించి "మరి గన్ని బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడితే ఏది ఏందో ఎట్ల తెలుస్తది?" అని అడిగింది.

"అదే అమ్మమ్మా నా పీహెచ్‌డీ! ముందు ఒక చిన్న లైట్ పెట్టి అది సెన్సర్ మీద ఎలా పడుతుందో చూసుకుంటాం, తర్వాత ఆ లెక్కతో, ఆ లెక్కతో..." అని మాట కోసం నా వైపు చూసింది, నాకూ తట్టలేదు.

"చిక్కు తీస్తవన్నట్టు" అంది అమ్మ, చేత్తో జుట్టు దువ్వినట్టు చూపిస్తూ.

ఇప్పుడు ప్రతి ఆదివారం అడుగుతుంది, "చిక్కు ఎంతదాంక వచ్చిందే?" అని. ఇది ల్యాప్‌టాప్ తెచ్చి ఆ వారం వచ్చిన మసక మసక బొమ్మలు ఫోన్‌కి ఎదురుగా పెట్టి చూపిస్తుంది.