సోర్స్ ఉంది కదా అంటే సరిపోదు

వికీపీడియాలో ఎడిట్లు చేసేవాళ్ళకి తెలుసు, అసలు గొడవ చాలాసార్లు విషయం మీద కాదు, దాని కింద పెట్టిన సోర్స్ మీద వస్తుంది. మొన్న ఒక వ్యాసంలో ఆధారం లేని పుట్టిన తేదీ తీసేస్తే ఇంకొకాయన వెంటనే మళ్ళీ పెట్టేశారు, పది సైట్లలో అదే తేదీ ఉందండీ అని. నిజమే, ఉంది. కానీ ఆ పదీ తెరిచి చూస్తే వాక్యాలు కూడా మక్కీకి మక్కీ ఒకటే, అన్నీ పాత వికీ వ్యాసం నుంచి దించుకున్నవే, అంటే మనం రాసిందే తిరిగొచ్చి మనకి సాక్ష్యం చెప్తోంది.

ఇది చిన్న విషయం కాదు. 2008లో ఒక స్టూడెంట్ ఇంగ్లీష్ వికీలో కోవాటి అనే జంతువుకి బ్రెజిలియన్ ఆర్డ్‌వార్క్ అని తనే కల్పించిన పేరు చేర్చాడు, అది పేపర్లలోకి, పుస్తకాల్లోకి కూడా ఎక్కింది, ఆ తర్వాత అందులో ఒక పేపర్నే తెచ్చి వ్యాసంలో సోర్స్‌గా పెట్టారు, అసలు సంగతి ఆరేళ్ళకి గానీ బయటపడలేదు.

పెద్ద పేపర్ అయితే చాలు అనుకోవడమూ కుదరదు. 2017లో డెయిలీ మెయిల్ అనే బ్రిటిష్ పేపర్‌ని మామూలుగా సోర్స్‌గా వాడొద్దని ఇంగ్లీష్ వికీ ఎడిటర్లు చర్చించి తేల్చారు. నాకైతే పేపర్ మొత్తం మంచిదా చెడ్డదా అనేదానికంటే ఈ ఒక్క ముక్కకి అది పనికొస్తుందా అన్నదే ముఖ్యం. ఒకరు తన సొంత సైట్‌లో తను ఎక్కడ చదువుకున్నారో రాసుకుంటే ఓకే, తనే గొప్ప అని రాసుకుంటే ఎలా తీసుకుంటాం?

ఒకే పేజీలో 24 గంటల్లో మూడు రివర్ట్‌లు, అంటే ఇంకొకరి మార్పుని వెనక్కి తిప్పడాలు, దాటితే బ్లాక్ చేయొచ్చు, అందుకే నేను మళ్ళీ రివర్ట్ కొట్టకుండా చర్చా పేజీకి వెళ్ళి ఆ పది లింకులూ ఒక్కోటి ఎక్కడి నుంచి కాపీ అయిందో రాశాను. ఆయన ఓపిగ్గా చదివి, పాత ఇంటర్వ్యూలు వెతుకుతానన్నారు. ప్రస్తుతానికి ఆ పుట్టిన తేదీ లైన్ ఖాళీగానే ఉంది.