మేనరికం కాకపోతే చాలా?

మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పెళ్లి మాటలు మొదలైనప్పుడు ఇంటిపేరు, గోత్రం, వరస చూసుకున్న తరువాత పెద్దలు ఇప్పుడు మరొకటి కూడా ఆలోచిస్తున్నారు. మేనమామకో మేనబావకో ఇస్తే పుట్టే పిల్లలకు జబ్బులు వస్తాయని డాక్టర్లు చెప్పగా విని, "మాది మేనరికం కాదండీ, బయటి సంబంధమే" అని నిశ్చింతగా చెబుతున్నారు. ఆ జాగ్రత్త మంచిదే, దాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అయితే ఆ బయటి సంబంధం కూడా దాదాపు ఎప్పుడూ అదే కులంలో, చాలాసార్లు అదే శాఖలో కుదురుతుంది. మన దేశ ప్రజల జన్యువుల మీద ఇటీవల వచ్చిన పరిశోధనలు చదివిన కొద్దీ, అసలు ఆలోచించవలసింది అక్కడేనని నాకు గట్టిగా అనిపిస్తోంది.

హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికాలోని జన్యు శాస్త్రవేత్త డేవిడ్ రైక్ బృందంతో కలిసి 2009లో నేచర్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. 25 సమూహాలకు చెందిన 132 మంది జన్యువులను పరిశీలించి, నేటి భారతీయుల్లో అత్యధికులు రెండు ప్రాచీన జనధారల కలయిక వల్ల ఏర్పడినవారని తేల్చారు. ఆ కలయిక ఇంచుమించు 4,200 నుంచి 1,900 సంవత్సరాల క్రితం మధ్య విస్తృతంగా జరిగిందని 2013లో వచ్చిన మరో అధ్యయనం లెక్కగట్టింది. పై కులమని చెప్పుకునేవారిలోనూ, అంటరానివారని ఊరి వెలుపల ఉంచబడినవారిలోనూ, అడవిలో బతికే తెగల్లోనూ ఆ రెండు ధారలూ ఉన్నాయి, పాళ్లు మాత్రమే వేరు. రక్తశుద్ధి గురించి మాట్లాడే ప్రతివారికీ ఈ ఒక్క విషయం చదివి వినిపించాలని నాకు ఉంటుంది.

ఆ తరువాత జరిగినది ఇంకా ముఖ్యం. కలయిక క్రమంగా ఆగిపోయి, ఎవరికి వారు తమ సమూహంలోనే పెళ్లిళ్లు చేసుకోవడం స్థిరపడింది. కొద్దిమంది పూర్వీకులతో మొదలైన ఒక సమూహం వందల ఏళ్లు తనలో తానే పెళ్లిళ్లు చేసుకుంటూ పెరిగితే, ఆ మొదటి కొద్దిమందిలో ఎవరో ఒకరికి ఉన్న లోపభూయిష్టమైన జన్యువు నేడు వేలమందిలో మౌనంగా ఉండిపోతుంది. చాలా జన్యువులు మనలో రెండేసి ప్రతులుగా ఉంటాయి, తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి. లోపం ఒక్క ప్రతిలో మాత్రమే ఉన్నవారికి సాధారణంగా ఏ బాధా ఉండదు. అలాంటి ఇద్దరికి పెళ్లి జరిగితే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. ఆ భార్యాభర్తలు ఒకరికొకరు ఏ చుట్టరికమూ లేనివారే కావచ్చు, ఒకరిది టెక్కలి, మరొకరిది బొబ్బిలి కావచ్చు.

తెలుగువారికి బాగా దగ్గరి ఉదాహరణ వైశ్యులది. ముప్పై లక్షలకు పైబడిన ఈ సమూహం సుమారు 100 తరాల నాడు కొద్దిమంది మూలపురుషులతో మొదలైన గుర్తులు జన్యువుల్లో స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆపరేషన్‌కు ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మందును మన రక్తంలోని బ్యూటిరైల్‌కోలినెస్టెరేజ్ అనే ఎంజైము కొద్ది నిమిషాల్లోనే విరిచేస్తుంది. ఈ ఎంజైము లోపం వైశ్యుల్లో ఇతరులకంటే సుమారు 100 రెట్లు ఎక్కువ. లోపం ఉన్న మనిషికి ఆ మందు ఇస్తే కండరాలు గంటల తరబడి కదలవు, సొంతంగా ఊపిరి తీసుకోలేడు. సంగతి తెలిసిన మత్తు డాక్టరు వేరే మందు వాడతాడు, అంతటితో ప్రమాదం తప్పుతుంది. 2017లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చిన అధ్యయనం దక్షిణాసియాకు చెందిన 263 సమూహాలను పరిశీలించి, వాటిలో 81 సమూహాల్లో ఈ మూలపురుషుల ప్రభావం ఫిన్లాండ్ వారిలో కంటే, ఐరోపా మూలాలున్న అష్కెనాజీ యూదుల్లో కంటే బలంగా ఉందని చూపించింది. జన్యు వ్యాధులకు ప్రపంచంలో అందరూ ఉదహరించే రెండు జనసమూహాలు అవే!

ఇప్పుడు మన ప్రాంతాన్ని చూద్దాం. మైదానంలో తూర్పు కాపులు, కొప్పుల వెలమలు, కాళింగులు ఉన్నారు. కాళింగుల్లో మళ్లీ బూరగాన, కింతల శాఖలున్నాయి. మందస, మెళియాపుట్టి, సీతంపేట కొండలెక్కితే సవరలు, జాతాపులు, ఇంకా పడమరగా వెళితే గదబలు, కొండదొరలు కనిపిస్తారు. సవర భాష ముండా కుటుంబానిది, దాని దూరపు బంధువులు కంబోడియా, వియత్నాం దేశాల్లో ఉన్నాయి. ముండా భాషలు మాట్లాడేవారిలో తండ్రినుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోము చాలామందిలో ఆగ్నేయాసియా వైపు చూపిస్తుంది, తల్లినుంచి వచ్చే మైటోకాండ్రియా మాత్రం ఎక్కువగా ఈ నేలదే. అంటే తూర్పునుంచి వచ్చిన పురుషులు ఇక్కడి స్త్రీలతో కాపురాలు చేశారన్నమాట. ఆ కొండల్లోనే పక్క ఊళ్లో ఉండే జాతాపులు, కొండదొరలు ద్రావిడ భాషలవారు. వారపు సంతలో చింతపండు, కొండచీపుళ్లు పక్కపక్కనే కూర్చుని అమ్ముకునే మనుషుల వెనక ఇంత భిన్నమైన ప్రయాణాలున్నాయని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు.

ఏజెన్సీలోని ఒక ఆశ్రమ పాఠశాలలో సికిల్ సెల్ పరీక్ష జరుగుతుండగా దగ్గరగా చూశాను. సికిల్ సెల్ అంటే ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి వంగిపోయే జన్యు వ్యాధి. పిల్లవాడి వేలి కొస నుంచి ఒక రక్తపు బొట్టు తీసి, ద్రావకం ఉన్న చిన్న గొట్టంలో వేసి, దాని వెనక నల్ల గీతలున్న అట్ట పెడతారు. ద్రావకంలోంచి గీతలు కనిపిస్తే మంచిదే. మసకబారి గీతలు కనబడకపోతే సికిల్ హీమోగ్లోబిన్ ఉన్నట్టు, అది ఒక ప్రతో రెండు ప్రతులో తేల్చడానికి మరో పరీక్ష కావాలి. ఒక ప్రతి ఉన్నవారిని ఆ సికిల్ జన్యువు తీవ్రమైన మలేరియానుంచి కొంత కాపాడుతుంది, అందుకే మలేరియా తరతరాలుగా పీడించిన కొండల్లో ఈ జన్యువు నిలిచింది. ఆ మలేరియాకే వాడే ప్రైమాక్విన్ మాత్ర, ఎర్రకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవారిలో ఎర్రకణాలను పగలగొడుతుంది. మాత్ర ఇచ్చే ముందు ఆ లోపం ఉందో లేదో చూడడం అందుకే అవసరం.

2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు ఏడు కోట్ల మందికి ఈ పరీక్ష చేయాలని తలపెట్టింది. జీనోమ్ ఇండియా పథకం 83 సమూహాల జన్యువుల సమాచారాన్ని సేకరించి, 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. ఇవి నిజంగా గొప్ప పనులు. అయినా ఆంత్రొపాలజికల్ సర్వే అనే ప్రభుత్వ సంస్థ ఈ దేశంలో గుర్తించిన సమూహాలు 4,635 అని గుర్తు చేసుకుంటే, నడవవలసిన దారి ఎంత ఉందో అర్థమవుతుంది.

ఇలాంటి సమాచారంతో కులానికొక ముద్ర వేస్తారేమోనన్న భయం న్యాయమైనదే. మనుషుల మధ్య ఉన్న జన్యు భేదాల్లో సుమారు 85 శాతం ఒకే సమూహంలోని వ్యక్తుల మధ్యే ఉంటుందని అమెరికా జన్యు శాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ 1972లోనే చూపించాడు. జబ్బు జన్యువు ఒక కులంలో ఎక్కువగా ఉండడం ఆ కులం గుణం గురించి ఏమీ చెప్పదు. సంప్రదాయ యూదులు 1980లలోనే దోర్ యెషోరిమ్ అనే ఏర్పాటు చేసుకుని, పెళ్లికి ముందే యువతీయువకులకు రహస్య సంఖ్యలతో రక్తపరీక్షలు చేయించి, ఇద్దరిలోనూ అదే లోపం ఉంటే ఆ సంబంధం వద్దని చెబుతూ, ఎవరి పేరూ బయటపెట్టకుండానే టే-సాక్స్ అనే ప్రాణాంతక వ్యాధిని తమలో దాదాపు లేకుండా చేసుకున్నారు. మన కుల సంఘాలు కల్యాణ మండపాలు కడుతున్నాయి, వధూవరుల పరిచయ వేదికలు నడుపుతున్నాయి. అదే వేదికల దగ్గర గుట్టుగా పరీక్ష చేయించుకునే వీలు, దాని ఫలితం విడమరిచి చెప్పగల మనిషి ఉండాలని నేను కోరుతున్నాను. కొండల్లో ఆ మాటలు సవర భాషలోనే చెప్పాలి. ఆ భాషకు నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి మన శ్రీకాకుళం జిల్లాలోనే పుట్టాడు. రక్తం తీసుకున్నవారు ఆ ఫలితాన్ని ఆ ఇంటికి, ఆ ఇంటివారికి అర్థమయ్యే మాటల్లో తిరిగి చేర్చాలి.