యూరోజెనిటల్ ఎంబ్రియాలజీ: నాళాలతో పాటు వాటి చుట్టూ ఉన్న మీసెంకైమ్ కూడా చదవండి

మూత్ర, జననేంద్రియ వ్యవస్థలు పిండంలో ఎలా ఏర్పడతాయో చెప్పే చాప్టర్ ఇది. మీసోనెఫ్రిక్ డక్ట్ (వాస్ డిఫరెన్స్ లాంటి పురుష నాళాలయ్యే పిండనాళం) నుంచి ఏమొస్తాయి, పారామీసోనెఫ్రిక్ డక్ట్ (గర్భాశయం లాంటి స్త్రీ అవయవాలయ్యే పిండనాళం) నుంచి ఏమొస్తాయి? కాకతీయ మెడికల్ కాలేజీ హాస్టల్లో ఫస్ట్ ఇయర్ వాళ్లను నిద్రలో లేపి అడిగినా ఈ పట్టిక అప్పజెప్పేస్తారు. మార్కులు పోయేది ఆ నాళాల చుట్టూ ఉన్న మీసెంకైమ్ (వదులుగా ఉండే పిండ కణజాలం) దగ్గర. గోడ కట్టేది అదే, చాలాచోట్ల లోపలి పొర ఏం కావాలో చెప్పేదీ అదే.

అందుకే ఏ అవయవం చదివినా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఎపిథీలియం (లోపలి పొర) ఎక్కడిది? కండరం, కనెక్టివ్ టిష్యూ ఎక్కడివి? పిండంలో మూడు మూల పొరలుంటాయి: బయట ఎక్టోడెర్మ్, మధ్యలో మీసోడెర్మ్, లోపల ఎండోడెర్మ్. బ్లాడర్ లోపలి పొర యూరోజెనిటల్ సైనస్ (మూత్ర, జనన మార్గాలకు మూలమైన పిండ గది) ఎండోడెర్మ్‌ది. దాని కింది కనెక్టివ్ టిష్యూ అయిన లామినా ప్రొప్రియా, గోడలోని డెట్రూసర్ కండరం స్ప్లాంక్నిక్ (లోపలి అవయవాల చుట్టూ ఉండే) మీసోడెర్మ్‌వి. "బ్లాడర్ ఎండోడెర్మ్ నుంచి వస్తుంది" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే సగం జవాబే. బ్లాడర్ కింది భాగంలోని ముక్కోణపు చోటు ట్రైగోన్‌లో మీసోనెఫ్రిక్ డక్ట్‌ల చివరలు గోడలో కలిసిపోతాయి కాబట్టి మొదట మీసోడెర్మ్ పొర ఉంటుంది, తర్వాత దాన్ని ఎండోడెర్మ్ కప్పేస్తుంది. ఆ "తర్వాత" అన్న మాట రాయకపోతే ఎగ్జామినర్ కచ్చితంగా పట్టుకుంటారు. గర్భాశయం ఇంకా సులువు: లోపలి పొర, గ్రంథులు పారామీసోనెఫ్రిక్ డక్ట్‌వి. ఎండోమెట్రియల్ స్ట్రోమా, మయోమెట్రియం చుట్టూ ఉన్న మీసెంకైమ్‌వి.

కిడ్నీ దగ్గరికొచ్చేసరికి ఈ పద్ధతి తప్పుతుంది. అక్కడ మీసెంకైమే ఎపిథీలియంగా మారుతుంది. ఐదో వారంలో యూరెటెరిక్ బడ్ (మీసోనెఫ్రిక్ డక్ట్ నుంచి వచ్చే మొలక) మెటానెఫ్రిక్ బ్లాస్టీమా అనే మీసెంకైమ్ ముద్దలోకి దూరుతుంది. బ్లాస్టీమా విడుదల చేసే జీడీఎన్ఎఫ్ అనే సంకేత ప్రోటీన్‌ను బడ్ మీద ఉన్న ఆర్ఈటీ రిసెప్టర్ అందుకోవడంతో బడ్ పెరిగి కొమ్మలు వేస్తుంది. బదులుగా బడ్ పంపే సంకేతాలతో బ్లాస్టీమా కణాలు నెఫ్రాన్ (కిడ్నీలో రక్తాన్ని వడకట్టే యూనిట్) అవుతాయి. బౌమన్ క్యాప్సూల్ నుంచి డిస్టల్ ట్యూబ్యూల్ దాకా బ్లాస్టీమావి, కలెక్టింగ్ ట్యూబ్యూల్ నుంచి యూరెటర్ దాకా బడ్‌వి. ఈ సంభాషణ తెగిపోతే కిడ్నీ ఏర్పడదు. రెండు వైపులా లేకపోతే ఉమ్మనీరు తగ్గి పాటర్ సీక్వెన్స్ (ఉమ్మనీరు చాలక శిశువు ఊపిరితిత్తులు, ముఖం సరిగా ఎదగని స్థితి) వస్తుంది. ప్రసూతి వార్డు పోస్టింగ్‌లో స్కాన్ రిపోర్టు మీద ఉమ్మనీరు తక్కువని కనిపిస్తే, కారణాల జాబితాలో ఇదీ గుర్తు చేసుకోండి.

నాకు ఈ చాప్టర్‌లో అన్నిటికన్నా అందంగా తోచేది ప్రోస్టేట్. సైనస్ ఎండోడెర్మ్ నుంచి పదో వారం ప్రాంతంలో మొలకలు చుట్టూ ఉన్న మీసెంకైమ్‌లోకి చొచ్చుకుపోతాయి. డీహెచ్‌టీ (టెస్టోస్టిరాన్ నుంచి 5 ఆల్ఫా రిడక్టేజ్ ఎంజైమ్ తయారుచేసే పురుష హార్మోన్) మొదట పనిచేసేది మీసెంకైమ్‌లోని ఆండ్రోజెన్ రిసెప్టర్ల మీదే. యూరోజెనిటల్ సైనస్ మీసెంకైమ్‌ను బ్లాడర్ ఎపిథీలియంతో కలిపి ఆండ్రోజెన్ ఉన్నచోట పెంచితే ప్రోస్టేట్ గ్రంథులు ఏర్పడ్డాయి. ఇది అర్థమైతే 5 ఆల్ఫా రిడక్టేజ్ లోపం మీద ప్రశ్న బట్టీ లేకుండానే వస్తుంది: ప్రోస్టేట్ సరిగా పెరగదు, వాస్ డిఫరెన్స్, ఎపిడిడిమిస్ మాత్రం టెస్టోస్టిరాన్‌తోనే ఏర్పడతాయి. వృషణాల్లోని సెర్టోలి కణాల ఏఎంహెచ్ హార్మోన్ కూడా పారామీసోనెఫ్రిక్ డక్ట్ చుట్టూ ఉన్న మీసెంకైమ్ మీద పనిచేసి, ఆ నాళాన్ని కరిగించేస్తుంది.

వైవాలో తికమకపడే జంట ఎక్‌స్ట్రోఫీ, హైపోస్పేడియాస్. బ్లాడర్ ఎక్‌స్ట్రోఫీలో పొట్ట ముందు గోడ కింది భాగంలో ఎక్టోడెర్మ్‌కీ ఎండోడెర్మ్‌కీ మధ్యకు మీసోడెర్మ్ చేరదు, బలం లేని ఆ పొర చిరిగి బ్లాడర్ బయటపడుతుంది. దానితో పాటు వచ్చేది ఎపిస్పేడియాస్ (మూత్రరంధ్రం పురుషాంగం పైవైపు తెరుచుకోవడం). హైపోస్పేడియాస్‌కు (అది కిందివైపు తెరుచుకోవడానికి) కారణం యూరెత్రల్ మడతలు సరిగా కలవకపోవడం.

బొమ్మల్లో ఎండోడెర్మ్‌కు పసుపు, మీసోడెర్మ్‌కు ఎరుపు, ఎక్టోడెర్మ్‌కు నీలం వాడండి. నాళం గీసి ఆపేయకుండా దాని చుట్టూ ఎర్ర చుక్కలతో మీసెంకైమ్ చూపించి లేబుల్ చేయండి. 2025 నీట్ పీజీలో సెక్షన్‌కు 40 ప్రశ్నలు, 42 నిమిషాలే ఇచ్చారు, ముగిసిన సెక్షన్‌లోకి వెనక్కి వెళ్లనివ్వలేదు. "డిరైవ్డ్ ఫ్రమ్" ప్రశ్న కనిపించగానే అడిగింది పొర గురించా, గోడ గురించా అని చూసి తర్వాతే ఆప్షన్లు చదవండి.