ఒకినావా గుహల దగ్గర ఇంటి భాష

1941లో జపాన్‌తో యుద్ధం ముంచుకొస్తోందని అమెరికా సైన్యానికి అర్థమయ్యే నాటికి, జపనీస్ చదివి రాయగల మనుషులు వాళ్ల దగ్గర దాదాపు లేరు. అప్పటికే సైన్యంలో చేరి ఉన్న జపనీస్ అమెరికన్ కుర్రాళ్లను వెతికి, మొదటి విడతలో 3,700 మందిని పిలిచి పరీక్షించారు. వలస వచ్చిన జపాన్ దంపతులకు అమెరికాలో పుట్టిన పిల్లలు వీళ్లు. ఇంట్లో అమ్మానాన్నల మాటలు వింటూ, చాలామంది స్కూల్ అయ్యాక మళ్లీ జపనీస్ బడికి వెళ్తూ పెరిగినవాళ్లు. తీరా చూస్తే భాష క్షుణ్ణంగా వచ్చినవాళ్లు నూటికి ముగ్గురు. ఫర్వాలేదనిపించినవాళ్లు ఇంకో నలుగురు. బాగా రుద్దితే పనికొస్తారనుకున్నవాళ్లు మరో ముగ్గురు. మిగతా తొంభై మందీ ఇంగ్లీషు పిల్లలే.

ఈ లెక్క చదవగానే నాకు మా బే ఏరియా తెలుగు బడి కళ్లముందు కదిలింది. ఆదివారం పొద్దున్నే పిల్లల్ని నిద్ర లేపి, కారెక్కించి, గుణింతాలూ ఒత్తులూ దిద్దించుకొస్తాం. ఇంటికొచ్చాక తెలుగులో ఏదడిగినా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. ఎనభై ఏళ్ల కిందట ఇదే కాలిఫోర్నియాలో జపనీస్ తల్లులు పడిన ఆరాటమూ ఇదేనన్నమాట.

మా అమ్మాయి పదకొండో క్లాసు. ఈ ఏడాది అమెరికా చరిత్రలో పెర్ల్ హార్బర్, మిడ్‌వే, ఐవో జిమా, ఒకినావా, హిరోషిమా పాఠాలున్నాయి. మా అబ్బాయి ఐదో క్లాసు. తెలుగు బడి మానేస్తానని వారం వారం పేచీ. ఇద్దరినీ వెంటబెట్టుకుని శాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్రెసిడియో అనే పాత సైనిక స్థావరానికి వెళ్లాం. గోల్డెన్ గేట్ బ్రిడ్జి కనిపించేంత దగ్గర్లో, క్రిస్సీ ఫీల్డ్ పక్కన 640వ నంబరు బిల్డింగ్ ఉంది. ఒకప్పుడు విమానాలు పెట్టుకునే షెడ్డు, ఇప్పుడు మ్యూజియం. 1941 నవంబర్ 1న సైన్యం ఇక్కడ గుట్టుగా జపనీస్ స్కూల్ మొదలుపెట్టింది. విద్యార్థులు 60 మంది. సరైన బల్లలు కూడా లేక నారింజపళ్ల పెట్టెలతో సర్దుకున్నారు. పెర్ల్ హార్బర్ మీద దాడి జరగడానికి అప్పటికి ఐదు వారాలే ఉంది.

ఆ స్కూల్లో ముఖ్య అధ్యాపకుడు జాన్ ఐసో. కాలిఫోర్నియాలోనే పుట్టాడు, హార్వర్డ్‌లో లా చదివాడు. సైన్యంలోకి తీసుకున్నాక ఆయన్ను బండ్లు రిపేరు చేసే చోట వేశారు. చిన్నప్పుడు తోటి పిల్లలు ఆయన్ను స్టూడెంట్ ప్రెసిడెంట్‌గా ఎన్నుకుంటే, కొందరు తల్లిదండ్రులు గొడవ చేసి, ఆయన ఆ స్కూల్ దాటి వెళ్లేదాకా విద్యార్థి సంఘాన్నే ఆపించారు. ఈ సంగతి దగ్గర మా అమ్మాయి చాలాసేపు ఆగిపోయింది. యుద్ధాల కన్నా, తనలాంటి బడి పిల్లాడికి జరిగిన అన్యాయమే దానికి సూటిగా తగిలింది.

ఇంకో సంగతి నాకు తగిలింది. అదే ప్రెసిడియోలో జనరల్ జాన్ డెవిట్ ఆఫీసు ఉండేది. 1942 ఫిబ్రవరి 19న ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ 9066 నంబరు ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. ఆ అధికారంతో డెవిట్ పశ్చిమ తీరంలోని జపాన్ మూలాల వాళ్లందరినీ ఇళ్లు ఖాళీ చేయించాడు. సుమారు 1,20,000 మందిని ముళ్లకంచెల వెనక క్యాంపులకు పంపారు. వాళ్లలో మూడింట రెండొంతుల మంది అమెరికా పౌరులు. ఒకే ఆవరణలో ఒక బిల్డింగ్‌లో ఆ భాష వచ్చిన పిల్లల్ని సైన్యానికి తయారు చేస్తున్నారు. ఇంకో బిల్డింగ్‌లో వాళ్ల అమ్మానాన్నల్ని తరిమేసే కాగితాలు తయారవుతున్నాయి. చివరికి ఆ స్కూల్‌ని కూడా తీరంలో ఉంచలేక మిన్నెసోటాకు తరలించారు. యుద్ధకాలంలో ఆ స్కూల్ నుంచి మొత్తం 6,000 మంది దాకా బయటికొచ్చారు.

మాకు ఇంకా దగ్గర్లో, శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీలో యోషిహిరో ఉచిదా పేరున్న హాలు ఉంది. జూడో కోచ్‌గా ఆయనకు చాలా పేరు. 1942లో ఆ హాల్లోనే జపనీస్ అమెరికన్ కుటుంబాల పేర్లు రాసుకుని క్యాంపులకు పంపారు. ఆయన అమెరికా సైన్యంలో పనిచేస్తుంటే, ఆయన కుటుంబం క్యాంపులో ఉంది.

పెర్ల్ హార్బర్ తర్వాత ఎఫ్‌బీఐ మొదట పట్టుకుపోయినవాళ్లలో జపనీస్ బడుల్లో పాఠాలు చెప్పే టీచర్లు ఉన్నారు. అది చూసి జనం పుస్తకాలూ ఉత్తరాలూ ఫొటోలూ పొయ్యిలో వేశారు, కొందరు పెరట్లో పాతిపెట్టారు. ఈ భయం నాకు పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు. 2017లో కాన్సస్‌లో మన తెలుగు కుర్రాణ్ని బార్‌లో కాల్చి చంపినప్పుడు, "బయట తెలుగులో మాట్లాడకండి, పిల్లలకీ చెప్పండి" అని వాట్సాప్ నిండా మెసేజ్‌లు. ఇండియా నుంచి అమ్మ కూడా అదే మాట, ఏడుస్తూ. పంపినవాళ్లను నేను తప్పుపట్టను, ప్రాణభయంతో చెప్పిన మాటలవి. కానీ ఆ జపనీస్ తల్లిదండ్రులు ఇంట్లో ఉన్న అక్షరమల్లా కాల్చేశారు కదా, అయినా వాళ్లను వదల్లేదు. మాట దాచుకుంటే మొహం దాగుతుందా? అందుకే మా పిల్లలతో షాపులో, పార్కులో, స్కూల్ గేటు దగ్గర తెలుగులోనే మాట్లాడతాను.

ఈ యుద్ధం పాఠాల్లో ఇండియా పేరు పెద్దగా ఉండదు. కాబట్టి ఆ భాగం ఇంట్లోనే చెప్పుకోవాలి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు కాకినాడ మీద, విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. మా అమ్మమ్మ అప్పటికి కొత్త కోడలు, కాపురం విశాఖ వన్‌టౌన్‌లో. ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పోయిందని, వాళ్లు ఎడ్లబండి కట్టించుకుని విజయనగరం వైపు వెళ్లారని చెప్పేది. ఉట్టి మీద పెరుగు అలాగే వదిలేసి వచ్చానని ఎన్నేళ్లయినా బాధపడేది. ఆ విమానాలు లేచింది ర్యూజో అనే ఓడ మీద నుంచి. నేను అక్కడితో ఆపేస్తే, మా అమ్మాయి ఆ ఓడ ఏమైందో వెతికింది. అదే ఏడాది ఆగస్టు 24న, సోలమన్ దీవుల దగ్గర, శారటోగా అనే అమెరికా ఓడ నుంచి వెళ్లిన విమానాలు దాన్ని ముంచేశాయి. "అమ్మా, ముత్తమ్మమ్మకి తెలుసా ఇది?" అంది. తెలిసే దారి లేదు. అదే ఆగస్టులో ఇండియాలో గాంధీజీని నిర్బంధించారు, క్విట్ ఇండియా నడుస్తోంది. బ్రిటిష్ సైన్యంలో మనవాళ్లు జపాన్‌తో పోరాడారు. నేతాజీ వెనక జపాన్ పక్షాన నిలిచిందీ మనవాళ్లే. మనం ఎటువైపు అని మా అబ్బాయి అడిగితే రెండూ చెప్పాను. ఒకటి చెప్పి ఒకటి మింగేయడం నాకిష్టం లేదు.

బర్మా కథ కూడా మా ఇంట్లో ఉంది. రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో తెలుగువాళ్లు ఎందరో పనిచేసేవారు. 1941 డిసెంబర్‌లో అక్కడ బాంబులు పడగానే లక్షల మంది భారతీయులు కాలినడకన, పడవల్లో బయల్దేరారు. మా తాతయ్య వాళ్ల పెదనాన్న అలా నడిచొచ్చినవాడే. దారిలో ఎవరెవర్ని వదిలేసి వచ్చాడో ఆయన ఎప్పుడూ నోరు విప్పి చెప్పలేదట.

రెండేళ్ల తర్వాత అదే బర్మా అడవుల్లోకి సుమారు 3,000 మంది అమెరికన్ సైనికులు దిగారు. వాళ్లను మెరిల్స్ మరాడర్స్ అంటారు. వాళ్లతో 14 మంది జపనీస్ అమెరికన్ దుబాసీలు. అందులో రాయ్ మత్సుమోటో కాలిఫోర్నియాలో పుట్టి, చిన్నతనంలో హిరోషిమాలో తాతగారింట పెరిగినవాడు. తిరిగొచ్చాక లాస్ ఏంజలస్‌లో జపనీస్ ఇళ్లకు కిరాణా సరుకులు చేరవేస్తూ, ఏ ప్రాంతం వాళ్లు ఎలా మాట్లాడతారో పట్టేశాడు. ఆర్కన్సాలోని క్యాంపు నుంచే సైన్యంలో చేరాడు. 1944 వసంతంలో న్‌పుమ్ గా అనే కొండ మీద వాళ్ల బెటాలియన్‌ను జపాన్ సైన్యం చుట్టుముట్టింది. మత్సుమోటో రాత్రి పాక్కుంటూ శత్రువుల దగ్గరికి వెళ్లి, వాళ్ల యాస గుర్తుపట్టి, తెల్లారి దాడి ఎక్కడ జరగబోతోందో విని వచ్చాడు. దాడి తడబడిన క్షణంలో లేచి నిలబడి, జపనీస్ ఆఫీసర్‌లా "ముందుకు!" అని ఆజ్ఞ ఇచ్చాడు. నమ్మి ముందుకొచ్చినవాళ్లు తుపాకులకు బలయ్యారు. ఆయన తోడబుట్టినవాళ్లు రెండు సైన్యాల్లోనూ ఉన్నారు.

మా అబ్బాయికి ఇది సినిమా కథ. నాకు మాత్రం ఆ కేకకు బదులు పలికి చనిపోయిన కుర్రాళ్లు కూడా ఎవరో కన్నబిడ్డలే. ఆ మాట వాడికి చెప్పకుండా ఈ కథ ముగించలేదు.

నేను మళ్లీ మళ్లీ చెప్పేది తాకేజిరో హిగా కథ. హవాయిలో పుట్టాడు. రెండేళ్ల వయసులో జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవికి తీసుకెళ్లారు, అక్కడే బడికెళ్లాడు. 1939లో, పదహారేళ్లకు, ఇంగ్లీషు సరిగా రాకుండా హవాయికి తిరిగొచ్చాడు. 1945 ఏప్రిల్ 1న అమెరికా సైన్యం ఒకినావా మీద దిగినప్పుడు, అన్నతో పాటు ఆయనా అందులో ఉన్నాడు. దొరికితే అమెరికన్లు చిత్రహింసలు పెడతారని అక్కడి జనాన్ని నమ్మించారు. ముసలివాళ్లూ తల్లులూ పిల్లలూ గుహల్లో దాక్కున్నారు. కొందరు పిల్లల్ని చంపుకుని తామూ చచ్చిపోయారు. ఆ యుద్ధంలో సుమారు లక్ష మంది మామూలు జనం పోయారు. హిగా గుహల ముందు నిలబడి, టోక్యో జపనీస్‌లో కాకుండా ఒకినావా వాళ్లు ఇంట్లో మాట్లాడుకునే భాషలో, "నేను ఇక్కడివాణ్నే, బయటికి రండి" అని పిలిచేవాడు. నమ్మి వచ్చినవాళ్లు బతికారు.

ఒకరోజు చింపిరి బట్టల్లో ఇద్దరు కుర్రాళ్లను ఆయన ముందుకు తెచ్చారు. ఏ ఊరు, ఏ బడి, టీచరెవరు అని అడుగుతూ పోతే, అది తను చదివిన బడే. టీచరూ ఆయనే. హిగా అనే పిల్లాడు మీ క్లాసులో ఉండేవాడా అని అడిగాడు. ఉండేవాడు, హవాయి వెళ్లిపోయాడన్నారు. చూస్తే గుర్తుపడతారా అన్నాడు. తమను కాల్చేస్తారేమోనని వణుకుతున్న వాళ్లకు, ఎదురుగా ఉన్నది ఎవరో తెలిసేసరికి ముగ్గురూ పట్టుకుని ఏడ్చారు. ఆ టీచర్ కూడా ఖైదీగా ఆయన ముందుకు వచ్చాడు.

కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోవచ్చనో, మెదడుకు మంచిదనో నేను మా పిల్లలకు తెలుగు నేర్పడం లేదు. అమెరికా సైన్యం అక్కరకొచ్చిందని జపనీస్ భాషను నెత్తిన పెట్టుకుంది, అంతకు ముందు అదే భాషను నేరంలా చూసింది. పనికొస్తుందా అని తూచేవాళ్ల చేతుల్లో ఏ భాషకైనా అంతే గతి. గుహలో వణికే మనిషి బతకడానికి హిగా చిన్ననాటి ఊరి మాట సరిపోయింది. నాకు ఆ లెక్క ఒక్కటే తెలుసు.

మా అమ్మాయి క్లాసు పేపర్‌కి 1942 విశాఖను ఎంచుకుంది. వారాంతాల్లో మా అమ్మకు ఫోన్ చేసి, వాళ్లమ్మ చెప్పినవన్నీ అడిగి రికార్డ్ చేస్తోంది. అమ్మది విజయనగరం యాస, తెలుగు బడిలో నేర్పేది కాదు. సగం మాటలు మళ్లీ అడగాల్సి వస్తోంది. మధ్యలో దూరి అర్థం చెప్పాలని నాకు నోరు దురద పెడుతుంది కానీ వెళ్లడం లేదు. అమ్మ ఓపిగ్గా అదే మాట ఇంకోలా చెప్తోంది. వచ్చేవారం రంగూన్ పెదతాత గురించి అడగాలట, మా అబ్బాయి కూడా తన ప్రశ్నలు ఆ కాగితం మీదే రాసిచ్చాడు.