వచ్చాయా, వచ్చారా: రోబో నవల తెలుగు చేసిన అనుభవం

ఇంగ్లీషు రోబో నవలను తెలుగు చేయడానికి కూర్చున్నప్పుడు 'సోల్' అన్న మాట దగ్గరే చిక్కు అనుకున్నాను. 'ఆత్మ' అంటే మన పాఠకుడికి గీత రెండో అధ్యాయం గుర్తొస్తుంది. పుట్టుకా చావూ లేనిదాన్ని పట్టుకుని "యంత్రానికి ఆత్మ వచ్చింది" అంటే చెల్లదు. తెలుగు బైబిలు కీర్తనల్లో "నా ప్రాణమా" అన్నచోట ఇంగ్లీషులో ఉన్నది సోలే. అందుకని రోబో చావుకు భయపడేచోట ప్రాణం, తప్పు చేసి కుమిలేచోట మనసు, వాదనల్లో మాత్రం ఆత్మ అని పెట్టాను.

అసలు పేచీ క్రియలతో. ఇంగ్లీషు 'దే కేమ్' ఏ సంగతీ బయటపెట్టదు. తెలుగులో 'అవి వచ్చాయి', 'వాళ్ళు వచ్చారు' రెండిట్లో ఒకటి తేల్చాల్సిందే. రచయిత సగం పుస్తకం దాకా దాచింది మొదటి పేరాలోనే తెలిసిపోతుంది. ఆడ రోబో ఒక్కతే అయితే బతికిపోయాం, 'వచ్చింది' మనిషికీ వస్తువుకీ సరిపోతుంది. మగ రోబోకి ఆ వీలు లేదు. రోబోలు తమలో తాము మాట్లాడుకుంటే 'మనం వెళ్దాం'తో గడిచిపోతుంది.

కథనం 'అవి' నుంచి 'వాళ్ళు'కి మారే చోటు ఒకటే ఉండాలి. కాలుతున్న గోదాము ముందు ఇంజనీరు లెక్కపెట్టే ఘట్టం తీసుకున్నాను. మూలంలో అతను ఉత్త 'త్రీ' అంటాడు. తెలుగులో "లోపల ఇంకా ముగ్గురున్నారు" అంటాడు. అంతకుముందు వరకూ అతని నోట అన్నీ 'రెండు రోబోలు', 'మూడు రోబోలు'. అక్కడ ఆశ్చర్యార్థకం పెట్టకూడదు, పెడితే చెడుతుంది.

అక్కణ్ణుంచి మగ రోబో 'అది' పోయి 'అతను', 'దాని' పోయి 'అతని' కావాలి. కంప్యూటరులో ఒక మాటను అన్నిచోట్లా ఒకేసారి మార్చే ఫైండ్-రీప్లేస్ వాడితే 'అదిరిపడ్డాడు' కాస్తా 'అతనురిపడ్డాడు' అయింది, దానిమ్మ చెట్టు 'అతనిమ్మ చెట్టు' అయింది. పైగా క్రియలు మారవు, 'అతను వచ్చింది' అని మిగులుతుంది. చేత్తో దిద్దడమే దారి. ఎక్కువగా తప్పించుకునేది 'లేదు'. "గదిలో లేదు" అన్నది 'లేడు' కావాలి, "అతనికి భయం లేదు" మాత్రం అలాగే ఉండాలి. 'దాంతో' కూడా అంతే, సగం చోట్ల అది 'అందువల్ల' అనే అర్థంలో ఉంటుంది.

రోబోలను తిట్టే తిట్టు ఒకటి తేలిగ్గా తెగింది. రోబో అన్న మాటే చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920 నాటకంతో వచ్చింది, చెక్ భాషలో రోబోత అంటే వెట్టి. 'వెట్టోడా' అంటే తెలంగాణలో ఎవరికీ విడమరచక్కర్లేదు.

ప్రూఫుల్లో ఆ ముగ్గురూ 'మూడున్నాయి'గా మారి వచ్చారు. మార్జిన్‌లో ఎర్రసిరాతో 'ముగ్గురున్నారు అనే ఉంచాలి' అని రాసి పంపాను.