స్టోరేజ్ ఫుల్

గురువారం రాత్రి.

పొద్దున కరెంటు బిల్లు కడదామని ఫోన్ తీస్తే యాప్ అప్‌డేట్ చేయమంది. చేద్దామంటే ఫోన్‌లో చోటు లేదంది. సరే, మెట్రోలో కూర్చుని పాత ఫొటోలు తీసేద్దాం అనుకున్నాను. ఎల్బీనగర్‌లో ఎక్కితే సీటు దొరుకుతుంది, అమీర్‌పేటలో రైలు మారేదాకా బోలెడు టైము.

గ్యాలరీ తెరిస్తే మా వాడి ఫొటోల కంటే బుద్ధుడి బోధల స్క్రీన్‌షాట్లే ఎక్కువున్నాయి. తామరపువ్వు, పొగమంచు, కళ్లు మూసుకున్న ముఖం, కింద రెండు ముక్కలు. "వదిలేయడం నేర్చుకో" అని ఒకటి. దాన్ని డిలీట్ చేయడానికి నాకు చేయి రాలేదు! మలక్‌పేట వచ్చేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. పక్క సీటావిడ కూడా తొంగి చూసి, "బాగుందండీ, ఒక ఫొటో తీసుకోనా?" అని తన ఫోన్‌తో నా స్క్రీన్‌ని ఫొటో తీసుకుంది. ఆవిడ ఫోన్లో ఎంత చోటుందో పాపం.

ఇదంతా నిద్ర పట్టని రోజుల్లో మొదలైంది. ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారని గుసగుసలు, ఆ టెన్షన్‌తో అర్ధరాత్రి మెలకువ వచ్చేస్తే మళ్లీ కన్ను మూతపడేది కాదు. అప్పుడు చదివాను రెండు బాణాల మాట. సంయుత్త నికాయం అనే బౌద్ధ గ్రంథంలో, సల్లత్థ సుత్తంలో ఉంది. సుత్తమంటే బుద్ధుడి ఉపదేశం. ఒంటికి తగిలిన దెబ్బ మొదటి బాణం, దాన్ని తలుచుకుని కుమిలిపోవడం రెండోది. ఆ రాత్రి నిజంగానే నిద్ర పట్టింది. మర్నాడు ఇంకోటి కావాలనిపించింది. చదవగానే గుండెల మీద బరువు దిగినట్టుంటుంది, ఏదో సాధించేసినట్టు కూడా ఉంటుంది. కాసేపే. మళ్లీ వెతుకులాట. ఇప్పుడు నిద్ర బాగానే పడుతోంది, కానీ చదవకుండా పడుకుంటే ఏదో వెలితి.

మా ఆయనకి ఇది మంచి కాలక్షేపం. "హుస్సేన్ సాగర్ బుద్ధుడు 1990 మార్చిలో మునిగి 1992 డిసెంబరులో పైకొచ్చాడు. నువ్వెప్పుడు తేలతావు?" అంటాడు. విగ్రహాన్ని తీసుకెళ్తున్న ఆ పడవ ప్రమాదంలో మనుషులు చచ్చిపోయారు, దాని మీద జోకులేంటి అని నేను కసురుతాను. నా కసురు విన్నాక, "ఇదేనా నీ శాంతి" అంటాడు. ఆ మాటకి మాత్రం నా దగ్గర ఏ స్క్రీన్‌షాటూ లేదు.

ఇవాళ వరసపెట్టి చూస్తుంటే ఒకటి తట్టింది. "అతిగా ప్రయాసపడకు" అని ఒక బొమ్మ మీద ఉంది. నాలుగు బొమ్మల తర్వాత "తలకు నిప్పంటుకున్నవాడిలా ప్రయత్నించు" అని ఉంది. రెండూ బుద్ధుడి మాటలే, రెండూ సుత్తాల్లో ఉన్నవే. మొదటిది సోణుడనే భిక్షువుకి చెప్పింది. బాగా కలిగినవాళ్ల పిల్లాడు, కాళ్లు నెత్తురోడేదాకా నడుస్తూ సాధన చేసి, ఇక నావల్ల కాదు, ఇంటికి పోతాననుకున్నాడు. అతనికి వీణ వచ్చు. తీగ మరీ బిగించినా పలకదు, మరీ వదులు చేసినా పలకదు కదా అని అతనికి తెలిసిన పనితోనే చెప్పాడు బుద్ధుడు. నెత్తి మీద నిప్పు మాట ఎవరికి? రేపు చూద్దాంలే అనుకునేవాళ్లకి. సుత్తాల్లో దాదాపు ప్రతి మాటకీ ముందు ఒక మనిషి ఉంటాడు, వాడి ఊరు, వాడి బాధ ఉంటాయి. ఆ మనిషిని కత్తిరించేసి మాటని మాత్రం తామరపువ్వు మీద అంటించాం. మెడికల్ షాపులో నలుగురి చీటీలూ తీసుకుని ఆ మందులన్నీ మనమే వేసుకున్నట్టు. నాకు ఏ చీటీ రాస్తాడో ఆయన? సోణుడిది మాత్రం కాదు. నా కాళ్లు ఎప్పుడు నెత్తురోడాయి గనక.

అన్నట్టు, కోపం పెట్టుకోవడం నిప్పుకణిక చేత్తో పట్టుకోవడం లాంటిదని బుద్ధుడి పేరుతో ఒకటి తిరుగుతుంటుంది. ఆ పోలిక క్రీ.శ. అయిదో శతాబ్దంలో బుద్ధఘోషుడనే భిక్షువు రాసిన విసుద్ధిమగ్గం అనే పుస్తకంలో ఉంది. ఎదుటివాడి మీద విసరాలని నిప్పుకణికనో పెంటనో చేత్తో తీస్తే ముందు కాలేదీ కంపు కొట్టేదీ నీ చెయ్యే అంటాడు. పెంట సంగతి ఎవరూ బొమ్మ మీద వేయలేదు. నాకైతే అదే ఎక్కువ పనికొచ్చేలా ఉంది.

మధ్యాహ్నం లంచ్‌లో ఈ గోల చెబితే పక్క టీమ్ మేడం, "ఇంత ఇష్టమున్నప్పుడు విపశ్యన ధ్యానానికి వెళ్లి కూర్చోవచ్చుగా, మీ ఇంటి దగ్గరేగా" అంది. దగ్గరే. వనస్థలిపురం దాటాక సాగర్ రోడ్డులో, ధమ్మఖేత్త అనే ధ్యాన కేంద్రం. విపశ్యన గురువు గోయెంకా గారి పద్ధతిలో నేర్పుతారు, 1976 నుంచీ ఉంది. నాగార్జునసాగర్ వెళ్లినప్పుడల్లా ఆ దారినే పోయాం. పది రోజుల కోర్సు, మాటల్లేవు, ఫోన్ లోపలికి వెళ్లేముందే ఇచ్చేయాలి. పుస్తకాలు కూడా చదవకూడదంది. "అయితే పది రోజులూ ఏం చేస్తారు?" అని నా నోటి నుంచి వచ్చేసింది. ఆవిడ పెరుగన్నం కలుపుతూ నవ్వింది, జవాబు చెప్పలేదు.

తిరుగు రైలులో సీటు లేదు. రాడ్ పట్టుకుని ఒంటి చేత్తో చదివాను, సిగాలోవాద సుత్తం. రాజగృహంలో తడిబట్టలతో ఆరు దిక్కులకీ మొక్కుతున్న ఒక గృహస్థు కుర్రాడికి బుద్ధుడు చెప్పింది. తూర్పంటే తల్లిదండ్రులు, పడమరంటే భార్యాపిల్లలు, కింది దిక్కంటే ఇంట్లో పనిచేసేవాళ్లు అన్నాడు. పనివాళ్లకి ఏం చేయాలో అయిదు చెప్పాడు. శక్తిని బట్టి పని, తిండీ జీతమూ, జబ్బు చేస్తే చూసుకోవడం, ఇంట్లో అరుదైన రుచి ఏదన్నా ఉంటే పంచడం, అప్పుడప్పుడూ సెలవు. ఇంత చదివినా నా గ్యాలరీలో ఇందులోంచి ఒక్క ముక్క లేదు. ఎందుకుంటుంది, దీన్ని చదివితే బరువు దిగదు, పని మీద పడుతుంది.

అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున మా పనమ్మాయి చీపురు పట్టుకుని ఏదో అంటుంటే తలెత్తకుండా "చూద్దాంలే" అన్నాను. అప్పుడు నేను చదువుతున్నది కరుణ గురించి.

ఇంటికొచ్చి ఫోన్ చేశాను. గొంతు కాస్త మెత్తగా పెట్టుకుని, "సరే, సెలవు తీసుకో, జీతం కొయ్యనులే" అన్నాను.

"నేను సెలవు అడగలే అక్కా, పోతున్న అని చెప్పిన," అంది. "ఎల్లుండికెల్లి మా ఊర్ల బోనాలు. నాలుగు రోజులు రాను. వచ్చేటప్పుడు మీకు మక్క కంకులు తేనా?"

తెమ్మన్నాను.

ఫ్రిజ్‌లో అమ్మ పంపిన పూతరేకుల డబ్బా ఉంది, సగం అయిపోయింది. మిగిలినవి రేపు పొద్దున దానికి కట్టివ్వాలి, పిల్లలతో వెళ్తోంది కదా. మా వాడు చూడకముందే పై అరలోకి మార్చాను.

బొమ్మలు మొత్తానికి సగం పైగా తీసేశాను. రెండు బాణాలది ఉంచుకున్నాను. కరెంటు బిల్లు కట్టాను. ఇక నాలుగు రోజుల గిన్నెల సంగతి. పొద్దున గిన్నెలు తను, రాత్రివి నేను అని మా ఆయన ఒప్పుకున్నాడు గానీ కుక్కర్ ఎవరి వాటాలోకొస్తుందో ఇంకా తేలలేదు. రాత్రి వండినా పొద్దున నానుతుంది కాబట్టి అది పొద్దున గిన్నేనని నా వాదన.