షామియానా మిషన్ మీద తెరచాప

ఒడిశాలోని రంభలో చిలికా సరస్సు ఒడ్డున ఉన్న మా బంధువుల పాత పడవకు కొత్త తెరచాప చేయించే పనిని నేను తలకెత్తుకున్నాక, బరంపురమంతా వెతికినా ఆ పని తెలిసినవారు దొరకలేదు. సివిల్ ఇంజినీరుగా పదవీ విరమణ చేసిన నాకు ధైర్యమిచ్చినది లోవెల్ నార్త్ జీవితం. ఈ అమెరికన్ ఇంజినీరు 1957లో శాన్‌డియాగోలో తెరచాపల సంస్థను ప్రారంభించి, 1964 టోక్యో ఒలింపిక్స్‌లో డ్రాగన్ తరగతి తెరచాప పడవల పందెంలో కాంస్యాన్ని, 1968 మెక్సికో నగర ఒలింపిక్స్‌లో పీటర్ బారెట్‌తో కలిసి స్టార్ తరగతి పడవల పందెంలో స్వర్ణాన్ని గెలిచారు. (మెక్సికో నగరానికి సముద్రం లేదు గనుక ఆ పందేలు అకపుల్కోలో జరిగాయి.) పతకాలకన్నా నన్ను ఆకట్టుకున్నది ఆయన పనితీరు: తెరచాప కుట్టడాన్ని ఎక్కువగా చేతివాటానికి, కంటి అంచనాకు వదిలేసే రోజుల్లో ఆయన గుడ్డ సాగుడును కొలిచారు, తర్వాత కంప్యూటర్‌తో ఆకృతిని లెక్కగట్టించారు, తన సంస్థ చాపలను తానే పందేలలో పరీక్షించారు.

నేనూ గుడ్డతోనే మొదలుపెట్టాను. పాలిస్టర్ పట్టీలకు ఇటుకలు వేలాడదీసి చూస్తే, నేత దారం వెంబడి సాగుడు దాదాపు లేదు. ఏటవాలుగా కత్తిరించిన పట్టీ మాత్రం కంటికి తెలిసేంత సాగింది. అందుకే ఎక్కువ లాగుడు పడే వెనుక అంచు వెంబడి నేత దారాలే నిలిచేలా, అడ్డపట్టీలన్నీ ఆ అంచుకు లంబంగా వచ్చేలా, హాలులో నేల మీద సుద్దతో పూర్తి కొలతల్లో గీసుకున్నాను.

అసలు చిక్కు అతుకుల దగ్గర వచ్చింది. ప్రతి పట్టీకీ ఒక అంచును తిన్నగా ఉంచి, రెండో అంచును వెదురుబద్ద వంచి గీసిన గీత మీద, చివరలకు సన్నబడేలా కత్తిరించి, పక్క పట్టీతో కలిపి కుడితేనే చదును గుడ్డకు గాలి నిలిచే లోతు వస్తుంది. షామియానాలు కుట్టే దర్జీకి అది కత్తెర జారినట్టే కనిపించి, "సార్, వంకరగా ఉంది, సరిచేసి కుట్టేస్తాను" అని పట్టుబట్టాడు. నా లెక్కలేవీ అతని తలకెక్కలేదు. చివరికి రంభకు తీసుకువెళితే, అక్కడి ముసలి పడవవాడు పాత చాపను పరిచి, "చాపకి కడుపుండాల బాబూ, పలకలాగుంటే గాలి నిలవదు" అన్నాక ఒప్పుకున్నాడు.

కొత్త చాప గాలికి ఎదురు ఏటవాలుగా చక్కగా లాగుతోంది. మధ్యాహ్నం గాలి పెరిగినప్పుడు అడుగు అంచు తాడును బిగిస్తే లోతు తగ్గుతుంది గాని, పైభాగంలో ఇంకా ఎక్కువగానే ఉంది. అక్కడి అతుకులు విప్పి కొంచెం చదునుగా మళ్లీ కుట్టాలి. పెళ్లిళ్ల షామియానాల పని తెమిలాక చేస్తానని దర్జీ అన్నాడు.